ఆరో ముడి

దిగుడు 212

పద్నాలుగు ముడులు, ముడికొక బార. నీళ్ళలో మునిగిన కిందూరిలో బస్టాండు వెనక వీధి. నీళ్ళు మసక.

నా బుట్ట రాగితీగతో నిండింది. పైనుంచి మోకు మూడుసార్లు గుంజారు, ఎక్కాను. మా అక్క పైడమ్మ, అప్ప అంటాను, ఆమె బుట్ట సగం దగ్గర ఆగిపోయింది, అప్పకి గుంజు రాలేదు. ఎక్కుతూ కిందికి చూస్తే ఒక చేత్తో ఆఖరి ముడి పట్టుకుని రెండో చేత్తో గోడ పెచ్చులు తవ్వుతోంది.

పడవలో కూర్చుని చూస్తూ ఉన్నాను. ఇసుక గడియారం అయిపోయింది, మళ్ళీ తిప్పారు. మోకుపెద్ద తవిటయ్య మరమరాలు నములుతున్నాడు. అప్ప సిలిండరులో గాలి ఎంత మిగిలిందో ఆయనకి తెలుసు, పొద్దున నింపించింది ఆయనే. గుంజమన్నాను. బుట్ట బరువు మోకే చెబుతుందనీ, ఇంకా తేలిగ్గానే ఉందనీ అన్నాడు.

గుంజు లేకుండా ఎక్కి వచ్చెయ్యవచ్చు గదా అని మెట్టపేటలో ఎవరూ అడగరు. దిగేటప్పుడు నడుముకి పద్దెనిమిది కిలోల ఇనుప పట్టీ కట్టి తాళం వేస్తారు. తాళంచెవి తవిటయ్య మొలలో ఉంటుంది. మోకు వదిలితే రాయిలా కిందికి పోతాం. గుంజు రాకుండా మోకు మీద పాకి వస్తే తాళం తియ్యరు, పడవ అంచు పట్టుకున్న వేళ్ళు విడదీసి మళ్ళీ నీళ్ళలోకి తోస్తారు. పోయిన ఏడు ఇద్దరిని అలా తోశారు. ఆ ఇద్దరి పేర్లు ఇప్పుడు ఎవరూ పలకరు, తప్పు వాళ్ళదే అయినట్టు.

అప్ప పైకి వచ్చేసరికి ముక్కులోంచి రక్తం కారి గడ్డం దాకా వచ్చింది. తవిటయ్య తనే వంగి పట్టీకి తాళం తీశాడు. ప్రేమగానే తీశాడు.

"బుట్ట నిండితే నానెందుకు ఆపుతాను పైడమ్మా? నాకేటి నీ మీద కచ్చా?"

అప్ప అవునన్నట్టు తల ఊపింది. రక్తం కన్నా ఆ తల ఊపడం చూసి నాకు ఒళ్ళు మండింది.

దిగుడు 215

వచ్చే పౌర్ణమి తర్వాత ఆస్పత్రి వీధికి దింపుతారట. పద్దెనిమిది ముడులు. ఆ లోతులో సిలిండరు ఇంకా తక్కువ సేపు వస్తుంది, బుట్ట మాత్రం అదే బుట్ట. అప్ప పేరు మొదటి జాబితాలోనే ఉంది. రెండు దిగుళ్ళు తట్టుకుంటుందేమో. మూడోది తట్టుకోదు. ఈ మాట నేను అప్పతో అనలేదు, అప్పే నాతో అంది, చేపలు శుభ్రం చేస్తూ, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు.

ఉప్పుపడవ వాళ్ళు తెచ్చే కరపత్రాలు నా దగ్గర ముప్పై ఒకటి ఉన్నాయి. అన్నీ చదివాను, కొన్ని నోటికి వచ్చు. దోపిడీకి దేవుడి పేరు పెడితే ఆచారం అవుతుందని ఒకదానిలో ఉంది. అయితే ఇవాళ నాకు దొరికిన కాగితం వాటిలాంటిది కాదు. కిందూరిలో ఒక దుకాణం ఇనుప పెట్టెలో, ప్లాస్టిక్ పొరల మధ్య, తడవకుండా ఉంది. పైన బొమ్మ: ఇద్దరు మనుషులు నీటి మధ్యలో, పైకీ కిందికీ పోకుండా, చేతులు కట్టుకుని, నవ్వుతూ. మోకు లేదు. కింద అక్షరాలు: తాడు పట్టుకోకుండా దిగడం, ఎక్కడం.

నీళ్ళు రాకముందటి వాళ్ళు సరదాకి మునిగేవాళ్ళట. సెలవు దొరికితే వచ్చి మునిగేవాళ్ళట.

ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. తర్వాత అప్పకి చదివి వినిపించాను. విని, "మరి ఆల్ల బుట్టలేవి?" అంది.

దిగుడు లేదు

సిలిండర్లు నింపే గాలిగదిలో కాపలా గాసి బావది. మా మేనమామ కొడుకు, నాకన్నా ఆరేళ్ళు పెద్ద, పెళ్ళాం అసిరి, ఏడు నెలల పాప. పొగగదిలో పుట్టినట్టు ఎప్పుడూ దగ్గుతాడు. వాడిని ఒప్పించడానికి మూడు కరపత్రాలు చదవాల్సి వచ్చింది. ఆఖరికి వాడు ఒప్పుకుంది కరపత్రాలకి కాదు, ఆస్పత్రి వీధి జాబితాలో వాడి పేరు కూడా ఉన్నందుకు. మూడు పాత సిలిండర్లు సగం సగం నింపి చేపల గంపల కింద దాచి తెచ్చాడు. కిందూరి దుకాణంలోంచి నేను ఎత్తుకొచ్చిన, గాలి ఎక్కిస్తే ఉబ్బి తేల్చే గాలిచొక్కాలు మూడున్నాయి. ఇనుప పట్టీకి బదులు, ముడి లాగితే ఊడిపోయే సంచుల్లో గులకరాళ్ళు.

విరిగిన అడ్డుకట్ట వెనక మూడు బారల లోతు. మధ్యాహ్నం మోకువాళ్ళు భోంచేసి నడుం వాల్చే వేళ.

మొదటి రోజు ముగ్గురమూ కోతుల్లా ఉన్నాం. చేతులు వాటంతట అవే మోకు కోసం వెతుకుతున్నాయి. పట్టుకోవడానికి ఏమీ లేకపోతే మనిషికి పైనేదో కిందేదో తెలియదని నాకు అప్పుడే తెలిసింది. గాసి బావ గాలిచొక్కా మీట నొక్కి వదలడం మరిచిపోయి బిరడాలా పైకి తన్నుకొచ్చాడు. పీతల వలలు వేసుకుంటున్న ముసలాయన పక్కనే తేలాడట. ఆయన తెడ్డు ఎత్తి, "సచ్చినోడివైతే సచ్చినట్టుండు, బతికినోడివైతే సెప్పి రా" అన్నాడట. బావ దగ్గుతూ చెబుతుంటే అప్ప నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా రోజులైంది.

దిగుడు 221

కాగితంలో ఉన్నది ఉన్నట్టు నేర్పుతున్నాను.

దిగాలంటే చొక్కాలోని గాలి వదిలి, ఊపిరి పూర్తిగా విడిచి, కాళ్ళు కిందికి పెట్టి పోవాలి. పోతున్న కొద్దీ బరువు పెరుగుతుంది, అప్పుడప్పుడు ఒక చిటికెడు గాలి చొక్కాలోకి ఎక్కించాలి. ఆగాలంటే ఊపిరితోనే ఆగాలి: పీలిస్తే జానెడు లేస్తాం, విడిస్తే జానెడు దిగుతాం. ఎక్కేటప్పుడు అంతా తలకిందులు. చొక్కాలోని గాలి దానంతట అదే ఉబ్బుతుంది, ఎడమచేత్తో గొట్టం పైకెత్తి మీట నొక్కుతూ కొంచెం కొంచెంగా వదలాలి. మన నోట్లోంచి వచ్చిన అన్నిటికన్నా చిన్న బుడగ కన్నా మెల్లగా ఎక్కాలి. మూడు బారల దగ్గర ఆగి రెండు వందలు లెక్కపెట్టాలి, లేకపోతే కాళ్ళు చచ్చుబడతాయట. అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది: ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు.

ఎందుకో కూడా రాసి ఉంది. చొక్కాలో గాలి ఎలా ఉబ్బుతుందో రొమ్ములోనూ అలాగే ఉబ్బుతుంది.

అప్పకి ఇవాళ కుదిరింది. రెండు బారల లోతులో, నేలని గానీ రాయిని గానీ ముట్టకుండా, నూట యాభై లెక్కపెట్టే దాకా నిలిచింది. పీలుస్తూ లేచి, విడుస్తూ దిగి, నిద్రపోతున్న పిల్ల పొట్టలా. పైకి వచ్చాక మొహం తుడుచుకుంది. తర్వాత మెల్లగా, "ఒరే కొర్లా, నన్నెవరూ పట్టుకోలేదురా" అంది.

దిగుడు 224

తవిటయ్యకి తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నాకు అక్కర్లేదు, నేనే చెబుదామనుకుంటున్నాను. పొద్దున పడవల దగ్గర, పట్టీలు కడుతుంటే, నేను కట్టించుకోనన్నాను. నా కరపత్రాల్లోని మాటలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేశాయి. మోకుని బానిస గొలుసన్నాను, తవిటయ్యని జలగ అన్నాను. మావా అనలేదు, పేరు పెట్టి పిలిచాను. నలభై మంది నోళ్ళు తెరిచారు. పదకొండు మంది పట్టీలు విప్పి ఇసకలో పడేశారు.

తవిటయ్యకి కోపం రాలేదు. ఆయనకి కోపం రాదు, అదే ఆయన బలం. అందరి ముందూ ఇలా అన్నాడు:

"పట్టపగలు, పద్నాలుగు ముడుల కాడికి, ముగ్గురు దిగండి. మోకొద్దు, పట్టీ ఒద్దు. ముగ్గురూ పేనాలతో పైకొస్తే మోకులన్నీ నా సేత్తోనే తగలెడతాను. రాకపోతే మల్లీ ఈ మాటెత్తకూడదు, ఎవుడూ."

సరేనన్నాను. ఎవరినీ అడక్కుండా సరేనన్నాను.

దిగుడు లేదు

పదకొండు మందీ మా ఇంటికి వచ్చారు. వాళ్ళ తరఫున మాట్లాడింది బోడెమ్మ. మునిగేవాళ్ళలో అందరికన్నా పెద్దది, చెవులు రెండూ నీళ్ళకి పోయాయి, అందుకని అందరికీ వినబడేలా మాట్లాడుతుంది. ఆమె అడిగింది ఒక్కటే: ఆరో ముడి దగ్గర ఏం చేస్తారు?

ఆరు బారల లోతులో పడుకున్నోళ్ళ మేడ ఉంది. నీళ్ళు వచ్చిన ఏడు కిందూరిలో నాలుగు వందల మంది ఆ మేడ పైకప్పు మీదికి ఎక్కారు. పడవలు సరిపోలేదు. పసిపిల్లల్ని, పిల్లల్ని ఎక్కించారు. ఆరేళ్ళ అప్ప చేతిలో నలభై రోజుల నన్ను పెట్టి, మా అమ్మ అక్కడే ఉండిపోయింది. గాసి బావ నాన్న కూడా.

అప్పటినుంచీ మునిగేవాళ్ళు పైకి వస్తూ ఆరో ముడి దగ్గర ఆగుతారు. ఒక చేత్తో ముడి పట్టుకుని, ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, నిండా ఊపిరి పీల్చి, ఇరవై ఒకటి లెక్కపెట్టే దాకా బిగబడతారు. మన బుడగల చప్పుడు వాళ్ళ నిద్ర చెడగొట్టకూడదట. ఊపిరి అందక పోయినవాళ్ళ ముందు మనం ఊపిరి తియ్యడం ఎగతాళి అట. మెట్టపేటలో తాగినవాడు, దొంగ, మొగుణ్ణి కొట్టే ఆడది, అందరూ ఇది పాటిస్తారు. పాటించనివాడి చేతి నీళ్ళు ఎవరూ ముట్టరు.

నేను పాటించను. పదిహేనో ఏటనే మానేశాను. మసకనీళ్ళలో ఎవరికి కనబడుతుంది. చచ్చినవాళ్ళకి బుడగలు వినపడవని నాకు తెలుసు.

బోడెమ్మ చెప్పింది: "మోకు ఒగ్గేయమంతే ఒగ్గేత్తాం బాబూ. ఆల్లని మాత్రం ఒగ్గం. ఆరో ముడి కాడ దండం ఉంతాదా, ఉండదా? ఉంతాదంతే మేం నీ ఎనకాల ఉంతాం."

పదకొండు మంది నా మొహం చూస్తున్నారు. కాగితంలోని పెద్ద అక్షరాలు నాకు కళ్ళ ముందే ఉన్నాయి. మోకు మీద అయితే ఇబ్బంది లేదు, ఒక్కచోటే ఉంటాం గనక. మోకు లేకుండా ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియదని చెప్పాలి. ఈ ఆచారం మానాలని చెప్పాలి. చెబితే పదకొండు మందీ లేచి వెళ్ళిపోతారు, రేపు తవిటయ్య ముందు మేం ముగ్గురమే మిగులుతాం. ముందు జనాన్ని గెలుచుకో, తర్వాత వాళ్ళ మూఢత్వాన్ని దిద్దు అని ఒక కరపత్రంలో ఉంది.

ఉంటుందన్నాను.

వాళ్ళు వెళ్ళాక అప్ప అడిగింది. ఊపిరి బిగబట్టకూడదని రోజూ చెబుతావు గదా, మరి అక్కడ పట్టొచ్చా అని. అడ్డుకట్ట వెనక మూడు బారలే, అక్కడ ఆరో ముడి లేదు, ఈ సంగతి ఎప్పుడూ రాలేదు.

"ఇరవై ఒకటికేం అవుతుంది అప్పా. మోకు మీద ఇన్నేళ్ళు పట్టలేదా? ఏమీ అవ్వదు" అన్నాను.

అప్ప నమ్మింది. నేను చదువుకున్నవాణ్ణి. అన్నం కలుపుతూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది:

"ఇన్నాల్లూ అమ్మకి ఒంటిసేత్తోనే కదరా దండం. రేపు రెండు సేతులా పెట్టుకుంతాను."

దిగుడు 225

రాస్తాను. క్రమంగా రాస్తాను.

ఎండ నిట్టనిలువుగా ఉంది. నీళ్ళు తేట. మెట్టపేట అంతా పడవలెక్కింది. తవిటయ్య పట్టీలు పక్కన పెట్టించి మమ్మల్ని చూసి, జాగ్రత్త అన్నాడు. నిజంగానే అన్నాడు.

దిగడం బాగా జరిగింది. ఊపిరి విడిచి, కాళ్ళు కిందికి పెట్టి ముగ్గురమూ పక్కపక్కనే పోయాం. చెవులు సరిచేసుకుంటూ, చిటికెడు చిటికెడు గాలి ఎక్కించుకుంటూ. పద్నాలుగు బారల దగ్గర, బస్టాండు వీధి మీద జానెడు ఎత్తులో ముగ్గురమూ నిలబడ్డాం. బురద ఒక్క రేణువు లేవలేదు. మోకు మీద దిగినప్పుడు పదేళ్ళలో ఎప్పుడూ ఆ వీధిని అంత స్పష్టంగా చూడలేదు. అప్ప ఒక కిటికీ దాకా ఈదుకుంటూ వెళ్ళి, లోపలికి చూసి, వెనక్కి వచ్చింది. ఊరికే. బుట్ట లేదు కదా. ఆమె చేసిన పనుల్లో ఊరికే చేసింది నేను చూడడం అదే మొదలు.

ఎక్కడం మొదలుపెట్టాం. ఎడమచేతులు పైకెత్తి, గాలి వదులుతూ, చిన్న బుడగల వెనక. పన్నెండు. పది. ఎనిమిది. మేడ పైకప్పు కనబడింది.

ఆరు బారల దగ్గర అప్ప నిలిచింది. నేను ఒక బార కిందున్నాను, బావ ఆమెకి ఎడంగా. అప్ప నిండా పీల్చింది. రొమ్ము పొంగడం నాకు కనిపించింది. గొట్టం మీంచి ఎడమచెయ్యి తీసేసి రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుంది.

లేస్తోంది. తనకి తెలియదు. పదేళ్ళుగా ఆ చోట ఆమె ఎప్పుడూ కదలలేదు, మోకు ఆమెని కదలనివ్వలేదు, కదులుతానన్న ఊహే లేదు. నిండిన రొమ్ము ఆమెని జానెడు లేపింది, జానెడు లేవగానే చొక్కా ఉబ్బింది, చొక్కా ఇంకో మూర లేపింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. దండం విప్పలేదు. బావ నోట్లోంచి బుడగలు వస్తూనే ఉన్నాయి, దగ్గుకి ఆగలేదు, వాడు లెక్క మొదలే పెట్టలేదు, నేను చూశాను. నా నోట్లోంచీ వస్తున్నాయి. అప్ప నోటి దగ్గర ఒక్క బుడగ లేదు.

కాలు పట్టుకుందామని తన్నుకున్నాను. అందలేదు. అయిదు, నాలుగు, మూడు. ఆమె వెలుగులోకి చేతులు జోడించుకునే పోయింది.

నేను మూడు బారల దగ్గర ఆగాను. ఆగకపోతే నాకూ ప్రమాదమని కాగితంలో ఉంది. రెండు వందలు లెక్కపెట్టాను. పైన పడవ అడుగు కనిపిస్తోంది, ఆమె కాళ్ళు నీళ్ళలోంచి పైకి పోవడం కనిపించింది. నూట పది దగ్గర ఎవరో కేక వెయ్యడం నీళ్ళలోకి వినబడింది. లెక్క తప్పలేదు. రెండు వందలూ పూర్తిచేసి వచ్చాను.

నోటి నిండా ఎర్ర నురగ. కళ్ళు తెరిచి ఉన్నాయి. తవిటయ్య ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నురగ తుడుస్తున్నాడు. నేను వచ్చే ముందే పోయిందన్నాడు.

దిగుడు లేదు

మూడో రోజు పడవల దగ్గర అందరూ కూడారు. తవిటయ్య గెలిచినట్టు మాట్లాడలేదు. పైడమ్మ బంగారంలాంటి మనిషి అన్నాడు, పిల్లలు తెలిసీ తెలియక చేశారన్నాడు, మోకు లేకపోతే ఇంతే అన్నాడు. అందరూ తలలు ఊపారు.

నేను లేచాను. మోకు లేకపోవడం వల్ల కాదని చెప్పాను. ఆరో ముడి దగ్గర ఊపిరి బిగబట్టినందుకు రొమ్ము పగిలిందన్నాను. నాకు తెలిసీ పట్టొచ్చని చెప్పానన్నాను. ఆ మాట చెప్పడానికి రెండు రాత్రులు పట్టింది, కానీ చెప్పాను. నా పదిహేనో ఏటి నుంచి నేను అక్కడ ఊపిరి బిగబట్టడం లేదని కూడా చెప్పాను. బోడెమ్మ చెయ్యి చెవి వెనక పెట్టుకుని పక్కావిడని అడిగి తెలుసుకుని, నా వైపు ఒకసారి చూసి, కాస్త ఎడంగా జరిగి కూర్చుంది.

బావని అడగండి అన్నాను. బావ కూడా బిగబట్టలేదు, అందుకే బతికి ఉన్నాడు, నా కళ్ళతో చూశాను.

అందరూ గాసి వైపు తిరిగారు. అసిరి పాపని ఎత్తుకుని వాడి పక్కనే నిలబడి ఉంది. వాడు తల ఎత్తలేదు. దగ్గు వస్తుంటే మింగాడు.

"నాను పట్టినాను. ఇరవయ్యొకటి దాకా పట్టినాను. నాకేటీ అవలేదు."

అబద్ధమని అరిచాను. వాడి గొంతు పట్టుకున్నాను. నలుగురు విడదీశారు. ఇక దేనికీ సాక్ష్యం లేదు. బిగబట్టినవాడు బతికాడు, బిగబట్టిన అప్ప పోయింది, కాబట్టి మోకే. బిగబట్టనివాణ్ణి నేనొక్కణ్ణే, నా పాపం అప్ప తీర్చింది. అంత తేలిక.

పొద్దు వాలకముందు గాసి మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"మా నానున్నాడక్కడ బావా. దగ్గొచ్చి పట్టలేకపోనానని ఊరందరి ముందూ సెప్పమంతావా? రేపు నా కూతురికి గుక్కెడు నీల్లెవులిత్తారు?"

తలుపు వేశాను.

దిగుడు లేదు

మునిగేవాళ్ళెవరూ నాతో ఒకే నీళ్ళలోకి దిగనన్నారు. ఆరో ముడి దగ్గర ఊపిరి విడిచేవాడు పక్కన ఉంటే వాళ్ళకీ కీడట. తవిటయ్య వాళ్ళ మాటే విన్నాడు. నన్ను తరిమెయ్యలేదు. నీళ్ళలోకి వద్దు, పైన మోకు పట్టుకోమన్నాడు.

ఒప్పుకున్నాను. మోకు నా చేతిలో ఉంటే ఎవరి సిలిండరైనా ఖాళీ కాకముందే గుంజుతాను అనుకున్నాను. వ్యవస్థని లోపలినుంచి పట్టుకోవడం గురించి నా దగ్గర ఒక కరపత్రం ఉంది.

తొమ్మిది రోజులు అలాగే చేశాను. సగం బుట్టకీ గుంజాను, పావు బుట్టకీ గుంజాను. తవిటయ్య మరమరాలు నములుతూ చూశాడు. పైకి వచ్చినవాళ్ళు నాకు దండం పెట్టలేదు, నా మొహం చూడలేదు. తాళం తీయించుకుని వెళ్ళిపోయారు.

పదో పట్టు

ఆస్పత్రి వీధి. పద్దెనిమిది ముడులు. నా మోకు మీద గాసి.

ఇసుక సగం దిగేసరికి మోకు బరువు చూశాను. బుట్ట సగం కూడా లేదు. ఆ లోతులో గాలి ఎంతసేపు వస్తుందో నాకు తెలుసు, అప్ప కోసం వేళ్ళ మీద లెక్క వేసిందే. గుంజాల్సిన సమయం వచ్చింది. గుంజలేదు.

కిందినుంచి ఒకసారి లాగాడు. అడగడం అది. మోకు అరచేతిలోంచి మోచేతి దాకా కదిలింది. కొంచెం సేపటికి మళ్ళీ లాగాడు.

పక్క పడవలో తవిటయ్య నమలడం ఆపాడు.

"గుంజు ఇచ్చీరా. సాలు."

"బుట్ట నిండలేదు" అన్నాను.

ఆయన నా వైపు కొత్తగా చూశాడు. మోకు అందుకోవడానికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. రూలు ఆయనదే. కిందినుంచి లాగడం ఆగిపోయింది, ఇప్పుడు మోకు వణుకుతోంది, గాలానికి పడ్డ చేప ఆఖర్న వణికినట్టు. వాడు కింద సిలిండరు గాలి ముల్లు చూసుకుంటూ, పైకి చూస్తూ, చేతులు మార్చుకుంటూ ఉంటాడు. నాకు ప్రతిదీ అరచేతిలో తెలుస్తోంది. నేను దేనికైనా లెక్కపెట్టేవాణ్ణి, దీనికి పెట్టలేదు.

తర్వాత మూడుసార్లు గుంజాను.

గాలి లేక వాడు ఎక్కడా ఆగకుండా పాకి వచ్చాడు. ఆరో ముడి దగ్గర ఆగలేదు, మూడో ముడి దగ్గర ఆగలేదు. పడవలోకి లాగితే బోర్లా పడ్డాడు. దగ్గడానికి కూడా ఊపిరి లేదు. కాసేపటికి లేవబోతే ఎడమకాలు రాలేదు. దాన్ని రెండు చేతులతో ఎత్తి పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కళ్ళు దించుకుని, అవునన్నట్టు తల ఊపాడు.

సాయంత్రానికి కూడా కాలు కదలలేదు. మునిగేవాడు పడిపోతే ఆ మోకు మీద ఇంట్లోంచి ఇంకొకరు దిగాలి. రేపటినుంచి ఈ మోకు మీద అసిరి దిగుతుంది. ఆమెకి దిగడం రాదు.

మోకులు చుట్టి పెడుతుంటే తవిటయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నీ చేతికి మోకు బాగానే కుదిరిందిరా అన్నాడు. మెచ్చుకోలో భయమో నాకు తెలియలేదు. రేపు వేరే మోకు ఇస్తాను, నీకు ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాడు.

"ఇదే" అన్నాను.